బాట శుభ్రమైంది, గునుగు పోయింది: ఒక గ్రామ ఉమ్మడి భూమి కేస్ స్టడీ

నేపథ్యం

పంచాయతీల ఉమ్మడి భూముల మీద పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను మొక్కల సర్వేలు చూస్తాను. ఈ కేసు దక్షిణ తెలంగాణలోని ఒక ఊరిది. ఊరి పేరు, మండలం, మనుషుల వివరాలు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు సంగతులు కొంచెం మార్చాను. మొక్కల ప్రవర్తన, ఒక్కో నిర్ణయం వెనక మేము చేసిన ఆలోచన మాత్రం మార్చలేదు.

ఊరికి ఒక పక్క రాతి గుట్ట, దాని కింద ఎర్ర నేల. అది గైరాన్, అంటే ఊరి ఉమ్మడి మేత భూమి. గైరాన్‌కూ ఊరికీ మధ్య చెరువు. కట్ట మీదుగా మత్తడి (అలుగు) దాకా వెళ్లే బాటలోనే ఏటా బతుకమ్మలను నీళ్లలో వదలడానికి తీసుకెళ్తారు. గైరాన్‌లో పంట లేదు, పెద్ద చెట్టు లేదు కాబట్టి కాగితాల మీద పనిచేసే వారికి ఇది ఖాళీ భూమి.

తొలకరి పడ్డాక అక్కడికి వెళ్లి వంగి చూస్తే సంగతి వేరు. ముందుగా నేలతాడి పసుపు నక్షత్రాలు మట్టికి అంటుకుని కనిపిస్తాయి. తర్వాత విష్ణుక్రాంత. వేలిగోరంత నీలం పువ్వు, పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. భోజనాలయ్యాక తనిఖీకి వచ్చే అధికారి కంట అది ఎన్నడూ పడదు. వినాయక చవితి నాటికి తుమ్మి, భాద్రపదం ముగిసే వేళకు బతుకమ్మలో పేర్చే గునుగు, తంగేడు. ఎండాకాలంలో ఏమీ ఉండదనుకుంటే, ఆకు ఒక్కటీ లేకుండా నక్కవుల్లి గడ్డ పూల కాడను పైకి తోస్తుంది. ఈ పూలలో ఎక్కువ భాగం చెట్ల నీడలో బతకవు. వాటికి ఎండ కావాలి, పలచటి గడ్డి కావాలి, అప్పుడప్పుడూ కాస్త తొక్కుడు కూడా కావాలి.

తంగేడు 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ కూడా అదే ఏడు రాష్ట్ర పండుగ అయింది. ఇక పంచాయతీల మీద మొక్కలు నాటే బాధ్యత 2015లో హరితహారంతో మొదలై, 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంతో గట్టిపడింది. ఊరికో నర్సరీ ఉండాలి, నాటిన వాటిలో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచ్, కార్యదర్శి జవాబు చెప్పుకోవాలి. 2020లో పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. ఇవన్నీ చెట్టును లెక్కపెట్టే పథకాలు. మోకాలెత్తు దాటని పువ్వుకు ఆ రిజిస్టర్లలో గడి లేదు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

2021 వానాకాలానికి ముందు ఆ పంచాయతీ మమ్మల్ని అడిగింది చాలా చిన్న సాయం. గునుగు విత్తనాలు ఎక్కడ దొరుకుతాయి, తెచ్చి చల్లించగలరా అని. మహిళా సంఘం వాళ్లు గ్రామసభలో గట్టిగా నిలదీశారట. కొన్నేళ్లుగా ఊళ్లో గునుగు దొరకడం లేదు. పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మకే పట్నం బజారులో కట్టలు కొనాల్సి వస్తోంది. తంగేడు కోసం పిల్లలు హైవే పక్కకు వెళ్తున్నారు, అక్కడ లారీల భయం.

అదే సమయంలో గైరాన్‌లో జేసీబీ గుంతలు తవ్వుతోంది. నాటాల్సిన మొక్కల లెక్క ఇంకా మిగిలే ఉంది, స్థలం వెతుక్కుంటే ఈ "ఖాళీ" భూమి కనిపించింది. పంచాయతీ దృష్టిలో ఈ రెండూ వేర్వేరు ఫైళ్లు. ఒకటి పండుగ సమస్య, రెండోది పచ్చదనం. రెండూ ఒకే నేల మీద జరుగుతున్నాయన్న మాట మా మొదటి సమావేశంలో ఎవరి నోటా రాలేదు.

మేము తీసుకున్న మొదటి నిర్ణయం విత్తనం చల్లకపోవడం. గునుగు ఒక్క ఏడాది మొక్క. వానకు మొలిచి, పూసి, పండి, చలికాలానికి ఎండిపోతుంది. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. ఇంత ధారాళంగా విత్తనమిచ్చే మొక్క ఒక చోటు నుంచి మాయమైందంటే కొరత విత్తనానిది కాదు. దాన్ని పండనివ్వకుండా ఏదో ఆపుతోంది. అదేమిటో తెలియకుండా చల్లితే మొదటి ఏడు పూలు చూసి చప్పట్లు కొట్టి, రెండో ఏడు మళ్లీ మొదటికి వస్తాం. ఈ జవాబు ఊళ్లో ఎవరికీ రుచించలేదు. "విత్తనాలు అడిగితే సర్వే అంటారేమిటి సార్" అని ఒక పెద్దావిడ అందరి ముందే అన్నారు. ఆమె మాటా న్యాయమే. పండుగ సర్వే కోసం ఆగదు కదా. ఆ ఏడాదికి పూలు కొనుక్కోక తప్పదని ముందే చెప్పి పని మొదలుపెట్టాం.

కారణం వెతకడం

సర్వేకు యంత్రాలేవీ లేవు. పాత చోట్లు తెలిసిన ఇద్దరు ముసలమ్మలు, ఒక గొర్రెల కాపరి, నేను. వాళ్లు వెనకటికి గునుగు ఎక్కడెక్కడ కోసేవారో చూపిస్తూ నడిచారు. నేను ఇప్పుడు అక్కడ ఏముందో రాసుకున్నాను. పాత చోట్లలో అధిక భాగం ఉమ్మడి భూమి కాదు, పొలాలు. జొన్న చేలు, కంది చేలు, ఆముదపు గట్లు. ఇప్పుడవన్నీ పత్తి. పత్తిలో కలుపు మందు కొట్టడం మామూలైపోయింది. పొలాల్లో దొరకనప్పుడు కోసేవాళ్లంతా చెరువు కట్ట మీదికి, గైరాన్‌లోకి వచ్చారు. ఊరి మొత్తానికి సరిపోయేంత గునుగు అక్కడ ఎప్పుడూ లేదు. ఉన్నదాన్ని తొందరలో వేళ్లతో సహా పీకేశారు.

అయినా ఈ లెక్క పూర్తిగా కుదరలేదు. కట్ట మీద మరీ నున్నగా, పేరుకు ఒక్క మొక్క కూడా లేకుండా ఎందుకు పోయింది? దీనికి జవాబు పారిశుద్ధ్య కార్మికుడి దగ్గర దొరికింది. శ్రావణం చివర్లో ఆయన స్ప్రేయర్ వీపున వేసుకుని బాటకు రెండు పక్కలా గడ్డి మందు కొడతారు. ఎవరు చెప్పారని అడిగితే, "పండుగకు ఆడవాళ్లు నడిచే బాట శుభ్రంగా ఉండాలని" అన్నారు. గునుగు కంకి వేయబోయే సరిగ్గా ఆ రోజుల్లో, బతుకమ్మ కోసమని, బతుకమ్మ పువ్వునే చంపుతున్నారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. గడ్డి పెరిగిన బాటలో పాములుంటాయన్న భయం నిజమైనది. మహిళా సంఘమే కొన్నేళ్ల కిందట బాట శుభ్రం చేయించమని అడిగిందని పాత తీర్మానాల పుస్తకంలో ఉంది.

మూడో ఆధారం ఎదురుచూడని చోట దొరికింది. ఆ భాద్రపదంలో ఊరి పరిధి మొత్తంలో గునుగు దట్టంగా ఉన్నది డంపింగ్ యార్డు వెనక వాలు మీద. ఎవరూ చల్లలేదు. అది అక్కడికి ఎలా చేరిందో ఆలోచిస్తే కంకి దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. గునుగు కంకి అడుగు నుంచి కొసకు పండుతుంది. కొసన గులాబీ రంగు పూలు ఇంకా విచ్చుకుంటుండగానే అడుగున కాయలు ముదిరి ఉంటాయి. ఆ భాగాన్ని అరచేతిలో నలిపి పొట్టు ఊదేస్తే, ఆవగింజను అదిమి బల్లపరుపు చేసినట్టు నల్లగా నిగనిగలాడే గింజలు మిగులుతాయి. బతుకమ్మ పేర్చేముందు ఆడవాళ్లు కాడలు సమంగా కోస్తారు, కంకులు దులుపుతారు, రంగుల్లో ముంచుతారు. ఆ దులుపుడులో పండిన గింజ వాకిట్లో రాలుతుంది.

వెనకటికి ఆ ఊడ్పు పెంటకుప్ప మీద పడేది. వేసవిలో పెంటతో పాటు పొలానికి చేరేది. అంటే పండుగ తీసుకున్న విత్తనాన్ని పండుగే తిరిగి ఇచ్చేసేది. 2019లో పల్లె ప్రగతితో పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు వచ్చాయి. వాకిట్లో ఊడ్చింది ట్రాక్టరెక్కి యార్డుకు పోతోంది. చెత్త సేకరణ మంచిదే, ఎవరూ కాదనరు. కానీ గునుగు తిరుగు ప్రయాణం అక్కడ తెగింది. ఇది నా అనుమానమే, ప్రయోగం చేసి నిరూపించింది కాదు. అయితే తర్వాత తీసుకున్న నిర్ణయాల్లో మాకు ఎక్కువగా ఉపయోగపడింది ఈ అనుమానమే.

చేసి చూసినవి, నిలవనివి

బోర్డు. సర్వే ముగియకముందే పంచాయతీ కట్ట మొదట్లో ఒక బోర్డు పెట్టించింది. పూలు కోయరాదు, అతిక్రమిస్తే జరిమానా అని. పట్నం పార్కుల్లో చూసి ఉంటారు. బోర్డు ఎవరు చదువుతారు అన్నదే ఇక్కడ ప్రశ్న. తెల్లవారుజామున ఆటో వేసుకొచ్చి కట్టలు కట్టుకుపోయే బయటివాళ్లు ఆగి చదవరు. చిన్నప్పటి నుంచి అక్కడే పూలు కోసుకున్న ఊరి ఆడవాళ్లు చదివారు, మనసు కష్టపెట్టుకున్నారు. "పూలతో చేసే పండుగకు పూలు కోయొద్దంటే ఎట్లా" అన్న మాట ఊరంతా తిరిగింది. ఆ పూల మీద మక్కువ ఉన్నవాళ్లను నేరస్థుల వరుసలో నిలబెట్టాక వాళ్ల సాయం అడగలేం. పండుగ దాటాక బోర్డు తీసేయమని చెప్పాం, తీసేశారు.

కంచె. 2022లో గైరాన్‌లోని ఒక ముక్కకు కంచె వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. మాకు సందేహం ఉన్నా వద్దనలేదు. మేత ఆపితే ఏమవుతుందో ఊరివాళ్లు కళ్లతో చూడటానికి అదొక్కటే మార్గమనిపించింది. అందుకని చిన్న ముక్కకే, తీసేయడానికి వీలుగా వేయించాం. వానలయ్యేసరికి లోపల గడ్డి నడుమెత్తు పెరిగింది. మధ్య మధ్య వయ్యారిభామ అనే కలుపు మొక్క. విష్ణుక్రాంత వెతికినా కనిపించలేదు. గునుగు అక్కడక్కడా సన్నగా, వెలుతురు కోసం సాగి, ఒక్కో కంకితో నిలబడింది. కంచెకు అవతల గొర్రెలు కొరికిన పొట్టి గడ్డిలో మాత్రం నీలం పూలు చల్లినట్టు ఉన్నాయి. మహారాష్ట్రలోని కాస్ పీఠభూమి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పూల నేల. అక్కడ కూడా కంచె వేసి మేత ఆపడం పూలకు మేలా కీడా అని పరిశోధకులు ప్రశ్నించారు. మా గైరాన్‌కు ఆ పేరు ప్రతిష్ఠలు లేవు కానీ ప్రశ్న అదే.

నర్సరీ తంగేడు. పంచాయతీ నర్సరీలో పాలిథిన్ సంచుల్లో తంగేడు పెంచి గుంతల్లో నాటారు. వానలున్నంత కాలం బాగానే ఉంది. వాన వెనకబట్టగానే ఎక్కువ భాగం ఎండిపోయాయి. పీకి చూస్తే వేరు సంచి ఆకారంలోనే చుట్టుకుని ఉంది. తంగేడు బతికేది లోతుకు దిగే తల్లివేరు మీద. సంచిలో దాన్ని చుట్టేసి, తర్వాత ఎండలో నిలబడమంటే నిలబడదు.

అన్నిటికంటే చేదుగా మిగిలింది పూల నడక. ఊరి బడి పిల్లలతో మొదలుపెట్టాం, పట్నం నుంచి కొందరు ప్రకృతి ప్రేమికులు కూడా వచ్చారు. గుట్ట మీద ఒక పొద అంచున అడవినాభి పూసి ఉంది. ఎరుపు, పసుపు మంట రంగుల పువ్వు, చూస్తే ఫొటో తీయకుండా ఉండలేం. ఫొటోలు స్థలం వివరాలతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. కొన్ని వారాలకే ఆ దుంపలు ఎవరో తవ్వుకుపోయారు. అడవినాభి దుంపలో, విత్తనంలో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది. మందుల తయారీకి గిరాకీ ఉంది కాబట్టి తవ్వేవారికి అది డబ్బు. గునుగును పది మందికి చూపిస్తే దానికి మేలు. దుంప మొక్కను పది మందికి చూపిస్తే దానికి చేటు. అప్పటి నుంచి దుంప మొక్కలున్న చోట్లకు నడక తీసుకెళ్లడం మానేశాం. వాటి ఫొటో పెడితే ఊరి పేరు పెట్టం.

మందు ఆపడం కూడా మొదటి ఏడు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. 2022 శ్రావణంలో కట్ట మీద స్ప్రే ఆపించాం. ఖాళీ అయిన మట్టిలో ముందుగా వచ్చింది గునుగు కాదు, వయ్యారిభామ. ఏళ్ల తరబడి మందు కొట్టిన నేలలో గునుగు గింజ నిల్వ దాదాపు అయిపోయి ఉంటుంది. వయ్యారిభామ గింజ గాలికి, టైర్లకు అంటుకుని ఎటునుంచైనా వస్తుంది. మందు ఆపినందుకే పిచ్చిమొక్కలు పెరిగాయని పంచాయతీలో విమర్శ వచ్చింది. కళ్లకు కనిపించింది అదే మరి.

నిలిచినవి

ఇక్కడి నుంచి మా ఆలోచన మారింది. అప్పటిదాకా ఏది ఆపాలి అని చూశాం. మందు ఆపాలా, మేత ఆపాలా, కోత ఆపాలా. ఇకపై ఏది ఎప్పుడు అని అడగడం మొదలుపెట్టాం. ఈ పూలన్నీ మనుషులు, గొర్రెలు, కొడవళ్లు తిరిగే నేలలోనే బతికినవి. వాటిని దెబ్బతీసింది మనుషులు రావడం కాదు, రాకూడని వేళ రావడం.

బాట సంగతి ముందు తేల్చాం. పాముల భయాన్ని కొట్టిపారేస్తే మరుసటి ఏడు స్ప్రేయర్ తిరిగి వస్తుంది. అందుకని బతుకమ్మ తల మీద పెట్టుకుని ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు మాత్రం గడ్డి కోసే యంత్రంతో చీలమండ ఎత్తుకు కోయించాం. ఒకసారి ఆషాఢంలో, మళ్లీ పండుగకు కొద్ది రోజుల ముందు. కోత అంచు తీర్చినట్టు ఉండాలని కార్మికుడికి ప్రత్యేకంగా చెప్పాం. రెండు పక్కలా మోకాలు దాటి పెరిగే గునుగు నిర్లక్ష్యానికి గుర్తుగా కనిపించకుండా కాపాడేది ఆ తీర్చిన అంచే. బాట శుభ్రంగా లేదన్న ఫిర్యాదు మళ్లీ రాలేదు.

వయ్యారిభామను పూతకు రాకముందు, వాన పడ్డ మరునాడు వేరుతో పీకించాం. దురద, చర్మం పొక్కడం ఉంటాయి కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి చేశాం. పీకిన చోట మట్టి కదిలి ఉంటుంది. గునుగు గింజ చల్లాల్సింది అప్పుడు, అక్కడ. మొదట్లో మేము చల్లబోమన్న విత్తనం ఈసారి చల్లాం. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, మొలిచినదాన్ని పండేదాకా బతకనిచ్చే ఏర్పాటు ఇప్పుడు ఉంది.

ఆ విత్తనం బజారులో కొన్నది కాదు. 2022 పండుగ రోజుల్లో, బతుకమ్మ పేర్చే వాకిళ్లలో పాత చీరలు పరిచి, దులిపినదంతా వాటి మీద పడేలా చూడమని మహిళా సంఘాన్ని కోరాం. చాటలో చెరిగితే గింజ వేరైంది. సగం అప్పుడే చల్లి, సగం బూడిద కలిపి కుండలో దాచి తొలకరికి చల్లాలని నిర్ణయించాం. వెంటనే చల్లితే చీమలు తింటాయేమో, దాస్తే మొలక తగ్గుతుందేమో. ఏది ఎక్కువ నష్టమో తెలియనప్పుడు అంతా ఒకే వైపు పెట్టకూడదు. రెండు చోట్లా మొలిచింది. తొలకరికి చల్లినది ఎక్కువ ఒక్క తీరుగా వచ్చింది.

కోత నియమాలు సంఘం సమావేశంలో పుట్టాయి. మేము చెప్పింది ఒక్కటే: ఈ మొక్క ఏటా గింజతోనే మళ్లీ పుట్టాలి. మిగతాది వాళ్లే తేల్చారు. వేరుతో పీకకూడదు, కొడవలితో కోయాలి. ప్రతి గుంపులో బలమైన మొక్కలు కొన్ని వదలాలి. వదిలిన మొక్క ఎవరి కంటికైనా తెలియాలి కాబట్టి దానికి పసుపు రాసిన దారం కట్టాలి. దారం కట్టిన మొక్కను ఊళ్లో వాళ్లెవరూ ముట్టుకోలేదు. జరిమానా బోర్డు చేయలేని పనిని ఆ దారం ఎందుకు చేసిందంటే, దాన్ని కట్టింది కోసేవాళ్లే.

ఎక్కువ కాలం పట్టింది మేత విషయం. పుస్తకం ప్రకారం చూస్తే సులువు: గునుగు లేతగా ఉన్నప్పుడు గొర్రెలు తింటాయి, కాబట్టి వానాకాలం మేత ఆపి వేసవిలో వదలాలి. కాపరితో కూర్చుంటే ఆ లెక్క ఎందుకు నడవదో అర్థమైంది. వేసవిలో ఆయనకు గైరాన్ అక్కర్లేదు. పంటలు తీశాక పొలాలన్నీ తెరిచే ఉంటాయి, రైతులే పిలిచి మందలు కట్టించుకుంటారు. వానాకాలంలోనే పొలాలు మూసుకుపోయి, గొర్రెలకు మిగిలేది గైరాన్ ఒక్కటే. అంటే మేము ఆపమనేది ఆయనకు అది అత్యవసరమైన నెలల్లో. పూల కోసం ఒకరి జీవనోపాధి మొత్తం అడగడం న్యాయం కాదు, పైగా అడిగినా జరగదు.

కుదిరిన ఒప్పందం ఇలా ఉంది. గైరాన్‌ను మూడు ముక్కలుగా అనుకున్నాం. కంచె లేదు, రాళ్లకు సున్నం పూసిన గుర్తులే. ఏటా ఒక ముక్కలోకి మాత్రం తొలకరి నుంచి కార్తీకం దాకా మంద వెళ్లదు. మరుసటి ఏడు ఇంకో ముక్క. మూసిన ముక్కలో గునుగు పండి గింజ రాలుస్తుంది. తెరిచిన ముక్కల్లో గడ్డి పొట్టిగా ఉండి విష్ణుక్రాంత, నేలతాడి బతుకుతాయి. కార్తీకం తర్వాత మంద మూసిన ముక్కలోకీ వెళ్లి ఎండుగడ్డి తినేస్తుంది, గిట్టలు మట్టిని కదుపుతాయి. బదులుగా పంచాయతీ గైరాన్‌లో కొత్త గుంతలు తవ్వడం ఆపింది, పశువుల నీటి తొట్టి బాగుచేయించింది. మొక్కల దృష్టితో చూస్తే ఇది ఉత్తమ పద్ధతి కాదు. మూసే ముక్క చిన్నది. కానీ ఎవరూ కాపలా కాయకుండా నడిచే పద్ధతి ఇదే.

తవ్విన గుంతలను మాత్రం వృథా పోనివ్వలేదు. గుంత పక్కన పోసిన మట్టి గట్టు మీద తంగేడు గింజ నేరుగా వేశాం. గింజ పొర గట్టిది కాబట్టి ఇసుకతో రుద్ది, రాత్రంతా నానబెట్టి, వాన పడ్డాక నాటించాం. వేరు తన దారి తను చూసుకుంది. పశువులు తంగేడును పెద్దగా ముట్టవు, కొమ్మ కోసినా మళ్లీ చిగురిస్తుంది. అందుకే గునుగుకు పెట్టిన నియమాలేవీ దీనికి అక్కర్లేదు. పై అధికారిని ఒప్పించి తంగేడును నాటిన మొక్కల లెక్కలో చేర్పించాం. కార్యదర్శికి ఊపిరాడింది. ఈ ఒక్క సర్దుబాటు లేకపోతే గైరాన్ ఈపాటికి ఏ కానుగ తోటో అయ్యేది. కానుగ మంచి చెట్టే, దాని చోటు ఇది కాదు.

పిల్లల నడకలను మానలేదు, పద్ధతి మార్చాం. పొద్దున్నే, చిన్న గుంపుతో, ఒకే మొక్క దగ్గర చాలాసేపు ఉంటాం. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కేసరాల కొసన ఉన్న సన్నటి రంధ్రంలోంచే బయటికి రావాలి. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును కరిచి పట్టుకుంటుంది, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా అదురుస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం ఒక్కసారి సన్నని కీచుగొంతుగా మారుతుంది, పుప్పొడి దాని పొట్ట మీద చిమ్ముతుంది. ఈ శబ్దం మారడం ఒకసారి విన్న పిల్లలు తంగేడు దగ్గర ఆగకుండా వెళ్లరు. ఆ తుమ్మెదలు ఎండిన కర్రను తొలిచి గూడు పెడతాయని తెలిశాక, గైరాన్‌లోని ఎండు మొద్దులను వంటచెరకుకు తీసుకెళ్లొద్దని ఇళ్లలో చెప్పింది పిల్లలే.

ఒక చోట మాత్రం బడి ఉపాధ్యాయులతో మాకు మాట కుదరలేదు. బాట పక్కన నారింజ రంగు కాస్మోస్ చల్లితే తొందరగా పూస్తుంది, ఫొటోల్లో బాగుంటుంది అన్నారు. అది మెక్సికో వైపు మొక్క, తనంతట తాను విస్తరిస్తుంది. ఒప్పుకోలేదు. బంతి కూడా బయటి నుంచి వచ్చిందే కదా, గడ్డి చామంతి మాటేమిటి అని వాళ్లు ఎదురు ప్రశ్న వేశారు. ఆ ప్రశ్నకు బలముంది. గునుగు పుట్టినిల్లు ఆఫ్రికానా, మన దేశమా అన్న వాదన వృక్షశాస్త్రంలో కూడా ఉంది. నేను గీత గీసుకునేది పుట్టుక దగ్గర కాదు. బంతి పెరట్లో ఉంటుంది, నీళ్లు పోస్తేనే బతుకుతుంది. కాస్మోస్‌ను కట్ట మీద వదిలితే విష్ణుక్రాంత చోటు ఆక్రమిస్తుంది.

2024 పరీక్ష

2023 బతుకమ్మకు ఊరి గునుగు ఊరికి చాలా వరకు సరిపోయింది. కొందరు ఇంకా కొన్నారు. కొనడం తప్పేమీ కాదు. అసలు పరీక్ష మరుసటి ఏడు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి పంచాయతీలు ప్రత్యేక అధికారుల చేతికి వెళ్లాయి. ఈ మార్పు వస్తుందని తెలుసు కాబట్టి ముందే రెండు పనులు చేసి ఉన్నాం. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఉండాల్సిన కమిటీ ఇక్కడ కాగితం మీదే ఉండేది. దాన్ని కూర్చోబెట్టి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఈ పూలను, అవి పూసే, పండే మాసాలను రాయించాం. మందు కొట్టకూడని రోజులు, మంద వెళ్లకూడని ముక్క తేదీలతో సహా తీర్మానం చేయించాం.

తీర్మానం ఫైల్లో ఉండిపోయింది. ఆ శ్రావణంలో మళ్లీ మందు డబ్బాలు కొన్నారు. కొత్త అధికారికి ఈ చరిత్ర చెప్పినవారు లేరు. కట్ట మీద స్ప్రే పడకుండా ఆపింది స్ప్రేయర్ మోసే కార్మికుడే. ఫలానా రోజు దాకా ఇక్కడ కొట్టకూడదు, గింజ రాలాలి అని ఆయన అధికారితో చెప్పారు. అధికారి రిజిస్టర్ తెప్పించి చూసి ఒప్పుకున్నారు. కాగితం లేకుంటే కార్మికుడి మాట చెల్లేది కాదు, కార్మికుడు లేకుంటే కాగితం బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా మా శిక్షణ సర్పంచ్‌తో మొదలవ్వదు. మందు కొట్టేవారు, గడ్డి కోసేవారు, ట్రాక్టర్ నడిపేవారు ముందు వరుసలో కూర్చుంటారు.

ఇలాంటి పని తలపెట్టేవారికి నేను చెప్పే క్రమం కూడా ఈ కేసు తర్వాత మారింది. ముందు మొక్కలను మూడు రకాలుగా విడదీయండి: గింజతో ఏటా పుట్టేవి, కోస్తే చిగురించేవి, దుంపతో బతికేవి. మొదటివాటికి పండే దాకా సమయం ఇవ్వాలి. రెండోవాటి మీద నిషేధాలు అనవసరం. మూడోవాటి విషయంలో నోరు కట్టుకోవాలి. ఈ మూడింటికీ ఒకే నియమం పెడితే రెండింటికి తప్పుగా పడుతుంది. తర్వాత ఆ నేలను వాడుకునేవారికి అది ఏ నెలలో అవసరమో అడగండి. మొక్క నెలలు, మనిషి నెలలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోటే బేరం ఉంటుంది. మిగతా నెలల్లో ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

తేలని విషయం ఆటోలో వచ్చేవారిది. వాళ్లు పక్క ఊరి భూమిలేని కుటుంబాల ఆడవాళ్లని, పట్నంలో కట్టలు అమ్మి పండుగ ఖర్చు వెళ్లదీసుకుంటారని తర్వాత తెలిసింది. జరిమానా వేయాలని ఊళ్లో కొందరు, వద్దని కొందరు. డంపింగ్ యార్డు వెనక వాలు మీది గునుగు మొత్తం వాళ్లకే వదిలేసి, బదులుగా కట్ట వైపు రావద్దని అడుగుదామన్నది మహిళా సంఘం ప్రతిపాదన. చెత్తలో గాజు పెంకులు ఉంటాయి కాబట్టి ముందు ఆ వాలును శుభ్రం చేయించాలి. దానికి డబ్బు ఏ పద్దు కింద రాయాలన్నది కార్యదర్శి ఇంకా చూస్తున్నారు.